స్టేడియంలో ప్రాణాలు తీసేది తొక్కిసలాటేనా?

పోయిన వారం ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, సెలవు రోజు క్యాంపు నుంచి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి బస్సు పెడుతున్నారు, టికెట్ ఫ్రీ. పోవచ్చా?" అని. పోయి చూసి సంతోషంగా రా అన్నాను. ఫోన్ పెట్టేశాక ఇంకో నాలుగు మాటలు చెప్పాల్సింది అనిపించింది. అవే మీ అందరికీ రాస్తున్నాను.

స్టేడియంలో జనం చనిపోతే మన పేపర్లు, టీవీలు అనే మాట ఒక్కటే: తొక్కిసలాట. అది వింటే జనమే ఒకరినొకరు తొక్కి చంపుకున్నట్టు ఉంటుంది. కానీ ఇలాంటి చోట్ల చాలామంది నిలబడి ఉండగానే పోతారు. చుట్టూ ఒత్తిడికి ఛాతీ కదలదు, ఊపిరి ఆడదు. అంతే.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హిల్స్‌బరో స్టేడియం సంగతి చూడండి. 1989 ఏప్రిల్ 15, లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్. నిలబడి చూసే టికెట్లు కొన్న పదివేల మందికి పైగా లివర్‌పూల్ అభిమానులకు, ఒక్కొక్కరే దూరే తిరుగుడు గేట్లు ఏడంటే ఏడు. మ్యాచ్ మూడింటికి. బయట జనం ఇరుక్కుపోతుంటే పోలీసులు 2:52కి పెద్ద గేటు తెరిచారు. దాని ఎదురుగా సొరంగం లాంటి దారి. అది నేరుగా మధ్యలో ఉన్న రెండు కంచె అరల్లోకి పోతుంది. అవి అప్పటికే నిండిపోయి ఉన్నాయి. పక్క అరల్లో చోటుంది, కానీ ఆ దారి మూసి జనాన్ని పక్కలకు పంపమని ఎవరూ చెప్పలేదు. వెనక వాళ్లకు ముందు ఏం జరుగుతుందో తెలియదు. ముందు వాళ్లకు ఎదురుగా ఇనుప కంచె. 3:06కి ఆట ఆపారు. మొత్తం 97 మంది పోయారు. ఆ రోజు తగిలిన దెబ్బలతోనే చివరి మనిషి 2021లో కన్నుమూశాడు.

అభిమానులే గేటు పగలగొట్టారని పోలీసు అధికారి అబద్ధం చెప్పాడు. తాగి వచ్చారని ప్రచారం చేశారు. 1991లో 'ప్రమాదవశాత్తూ మరణం' అని రాసి ఫైలు మూసేశారు. ఇక్కడ పనిలో చనిపోయిన మనవాళ్ల కాగితాల మీద 'సహజ మరణం' అన్న ముక్క చూసిన కుటుంబాలకు ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు. హిల్స్‌బరో కుటుంబాలు మాత్రం వదల్లేదు. పోలీసుల వాంగ్మూలాలు దిద్దారని 2012లో బయటపడింది. 2016లో, అంటే 27 ఏళ్లకు, ఇవి చట్టవిరుద్ధ మరణాలని, అభిమానుల తప్పు లేదని జ్యూరీ తేల్చింది.

మిగతా చోట్లా ఇంచుమించు ఇదే కథ. 1964లో పెరూ దేశం లిమాలో టియర్ గ్యాస్ వదిలితే జనం మెట్ల దారుల్లోకి పరుగెత్తారు. కింద గేట్లు మూసి ఉన్నాయి. ప్రభుత్వ లెక్కే 328 మంది. 2001లో ఘనాలోని అక్రాలో 126 మంది, 2022లో ఇండోనేషియాలోని మలాంగ్‌లో 135 మంది. ఈ రెండుచోట్లా టియర్ గ్యాసే వదిలారు. స్టేడియంలో అది వాడొద్దని ఫిఫా నిబంధనల్లోనే ఉంది మరి!

మీరు వెళ్తే లోపలికి రాగానే రెండో దారి ఎక్కడుందో చూసుకోండి. వచ్చిన దారినే పోవాలని లేదు. చదరపు మీటరు చోటులో ఐదారుగురు అయ్యారంటే, అంటే భుజాలు తగిలి చేతులు కదపలేని స్థితి వస్తే, ఇంకా బిగుసుకోకముందే పక్కకు తప్పుకోండి. ఇరుక్కుపోతే రెండు చేతులూ ఛాతీ ముందు మడిచి పెట్టుకోండి, ఊపిరికి కాస్త చోటు మిగులుతుంది. జనానికి ఎదురు తోయొద్దు, వాళ్లతో కదులుతూ ఏటవాలుగా అంచుకు రండి. గోడకు, కంచెకు ఆనుకోవద్దు. ఫోన్ కింద పడితే పోనివ్వండి, వంగొద్దు. పక్కవాడు పడితే మాత్రం వెంటనే పట్టి లేపండి.

ఆట అయ్యాక పది నిమిషాలు కూర్చునే ఉంటే గేటు దగ్గర రద్దీ తగ్గుతుంది. బస్సు వెళ్లిపోతుందని భయం కదా, డ్రైవర్ నంబరు, బస్సు ఆగిన చోటు ముందే కాగితం మీద రాసుకోండి. అంత జనంలో ఫోన్ కలవకపోవచ్చు.