ఆ గొంతు వినిపిస్తేనే పండగ!

తెల్లవారుజామున నాలుగు గంటలు. బయటింకా చీకటి. అయినా ఇంట్లో చిన్నాపెద్దా అందరూ లేచి కూర్చున్నారు. పరీక్షలకు చదువుకోమంటే దుప్పటి ముసుగు తీయని పిల్లలు కూడా ఆ రోజు కళ్లు నులుముకుంటూ రేడియో దగ్గరకు చేరతారు. శంఖం మోగుతుంది. ఆ వెంటనే గంభీరమైన ఓ గొంతు. వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిచినా ఏ కిటికీలోంచైనా అదే వినిపిస్తుంది.

ఏటా మహాలయ అమావాస్యనాడు కోల్‌కతాలో వేకువ మొదలయ్యేది ఇలాగే. ఆకాశవాణి ప్రసారం చేసే ఆ కార్యక్రమం పేరు 'మహిషాసురమర్దిని'. 1930ల తొలినాళ్లలో మొదలైంది. అంటే తొంభై ఏళ్లు దాటిపోయాయన్నమాట. ధనుర్మాసంలో పొద్దున్నే రేడియోలో తిరుప్పావై విన్న తెలుగువాళ్లకు ఆ అనుభూతి కొంత తెలుసు. కాకపోతే తిరుప్పావై నెల్లాళ్ల ముచ్చట. బెంగాలీలకు మాత్రం ఏడాదికి ఒకే ఒక్క వేకువ, దాదాపు గంటన్నర సేపు. అది విన్నాకే వాళ్లకు దుర్గాపూజ వచ్చినట్టు!

కూతురు పుట్టింటికొచ్చే వేళ

కలకత్తా రేడియో కేంద్రం 1927లో ప్రారంభమైంది. కొన్నేళ్లకు అక్కడి మిత్రబృందం పండక్కి ప్రత్యేకంగా ఏదైనా చేయాలనుకుంది. రచన బాణీకుమార్, సంగీతం పంకజ్ మల్లిక్, పఠనం వీరేంద్రకృష్ణ భద్ర. మొదట వసంత నవరాత్రుల కోసం చేసిన కార్యక్రమమే తర్వాత శరదృతువులోకి మారింది. తొలుత షష్ఠినాడు వినిపించినా చివరికి మహాలయ అమావాస్య దగ్గర స్థిరపడింది. పితృదేవతలకు తర్పణాలు వదిలే రోజది. మర్నాటి నుంచి దేవీపక్షం.

మనం దుర్గా సప్తశతి అని పారాయణ చేసే చండీ శ్లోకాలు, వాటి మధ్య బెంగాలీ వ్యాఖ్యానం, పాటలు... ఇదీ దాని స్వరూపం. కథ మహిషాసుర సంహారమే అయినా, ఈ కాలంలో బెంగాలీ మనసుల్లో మెదిలేది మరొకటి ఉంది. అది ఆగమని పాటలు. అత్తారింట్లో ఉన్న ఉమను తీసుకురమ్మని తల్లి మేనక హిమవంతుణ్ని పోరుపెడుతుంది. కూతురు వస్తుంది. నాలుగు రోజులుండి వెళ్లిపోతుంది. సాగనంపేటప్పుడు పాడేవి విజయ పాటలు. జగన్మాతను పుట్టింటికొచ్చిన ఆడపిల్లగా చూడటం మనకు మాత్రం కొత్తా! అదే అమావాస్య సాయంత్రం తెలంగాణలో ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. గౌరమ్మను పాటలతో పిలిచి, తొమ్మిది రోజులు ఆడి, నీళ్లలో సాగనంపుతారు. వేకువన అక్కడ రేడియో, సాయంత్రం ఇక్కడ చప్పట్లు. అంతే తేడా.

ఈ కార్యక్రమం ఎదురుదెబ్బ తగలకుండా ఏమీ నిలవలేదు. బ్రాహ్మణేతరుడైన భద్ర చండీపాఠం చేయడమేమిటని అప్పట్లో కొందరు అభ్యంతరం చెప్పారు. వాద్యబృందంలో ముస్లిం కళాకారులూ ఉండేవారు. బృందం ఎవరినీ మార్చలేదు. రికార్డింగుకు మారేదాకా, 1960ల వరకూ ఈ ప్రసారం లైవ్‌గానే సాగేది. గాయనీ గాయకులు రాత్రే స్టూడియోకి చేరాలి. భద్ర స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని మైకు ముందు కూర్చునేవారు. చదువుతూ చదువుతూ చివర్లో ఆయన గొంతు పూడుకుపోతుంది. రికార్డింగులోనూ ఆ వణుకు అలాగే ఉంది. ఆ చోటు వచ్చేసరికి వినేవాళ్ల కళ్లూ చెమరుస్తాయి.

మహానాయకుడికీ తప్పలేదు

1976... ఎమర్జెన్సీ రోజులు. పాతది ఎన్నాళ్లు వేస్తాం, కొత్తగా చేద్దాం అనుకున్నారు అధికారులు. ఏర్పాట్లు మామూలుగా లేవు. పఠనానికి బెంగాలీ వెండితెర మహానాయకుడు ఉత్తమ్ కుమార్. (మనకు ఎన్టీఆర్ ఎలాగో వాళ్లకు ఆయన అలాగ!) సంగీతం హేమంత్ కుమార్. 'నాగిన్'లో పాము బూర వినిపించి దేశాన్ని ఊపేసిన ఆయనే. లతా మంగేష్కర్ కూడా పాడారు. కార్యక్రమం పేరు 'దుర్గా దుర్గతిహారిణి'. పక్కన పెడుతున్న సంగతి భద్రకు ముందుగా చెప్పనే లేదంటారు.

ఆ తెల్లవారుజామున జనం రేడియో పెట్టారు. తెలిసిన గొంతు లేదు! ఉత్తమ్ కుమార్ అంటే ప్రాణం పెట్టే ఊరే మండిపడింది. ఆకాశవాణికి నిరసనలు వెల్లువెత్తాయి. దాంతో కొత్త కార్యక్రమం అటకెక్కింది, పాత 'మహిషాసురమర్దిని' తిరిగి వచ్చింది. సినిమాలో అయితే కొత్త హీరో కావాలి, కొత్త పాట కావాలి. పండగ పూట మాత్రం అమ్మమ్మ చేతి బూరెల్లా నిరుటి రుచే కావాలి. పెద్దపెద్ద పేర్లు పోగేసిన అధికారులకు ఈ చిన్న విషయమే తట్టలేదు.

వీరేంద్రకృష్ణ భద్ర 1991లో కన్నుమూశారు. అయినా ఏటా ఆ వేకువన మాట్లాడేది ఆయనే. క్యాసెట్లొచ్చాయి, సీడీలొచ్చాయి, ఇప్పుడు ఫోన్‌లో ఎప్పుడంటే అప్పుడు వినొచ్చు. కానీ మండు వేసవిలో ఎవరూ పెట్టుకోరు. పెట్టుకున్నా పెద్దవాళ్లు ఊరుకోరు! అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న బెంగాలీలూ ఆ అమావాస్య కోసమే ఆగుతారు.

మహాలయ దగ్గరపడుతుంటే కోల్‌కతాలో మిగిలిన కొద్దిమంది రేడియో మెకానిక్‌లకు చేతినిండా పని. ఏడాదంతా అటక మీద దుమ్ముకొట్టుకున్న పాత సెట్లు ఒక్కొక్కటే షాపులకు చేరతాయి. 'ఎన్ని స్టేషన్లు వస్తాయి?' అని అడిగేవాళ్లు ఉండరు. ఆ ఒక్క తెల్లవారుజామున నాలుగింటికి పలికితే చాలు.