క్విటో నగరమున నొక దినము

దక్షిణ అమెరికా పటమును ముందిడుకొని, పడమటి తీరమున భూమధ్యరేఖ యెచట ఖండమును తాకుచున్నదో చూచినచో, నచట నొక చిన్న దేశము కానవచ్చును. దాని పేరు ఈక్వెడారు. స్పానిషు భాషలో నా మాటకు భూమధ్యరేఖ యనియే యర్థము. ఆ దేశమునకు రాజధాని క్విటో. రేఖకింత చేరువ నున్న నగరమగుటచే నచట నెండ భరింపరానిదై యుండునని మన విద్యార్థులు తలంపవచ్చును. కాని క్విటో ఆండీసు పర్వతముల నడుమ, సముద్రమట్టమునకు సుమారు 2,850 మీటర్ల యెత్తున, పిచించా యను అగ్నిపర్వతపు తూర్పు వాలున నున్నది. అందుచే నేడాది పొడవునను చల్లగనే యుండును. పగలును రాత్రియు నెల్లప్పుడు నించుమించు సమానము. సూర్యుడు ఉదయ మారు గంటల ప్రాంతమున నుదయించి సాయంకాల మారు గంటల ప్రాంతమున నస్తమించును. కావున మన యొక దినపు సంచారమునకు పండ్రెండు గంటల వెలుతురు కలదు. గాలి మాత్రము పలుచనిది. మెట్టదారుల నెక్కునపుడు మెల్లగ నడువనిచో నూపిరి సలుపదు.

చదువరులారా! పటముల సాయమునను, చరిత్ర గ్రంథముల సాయమునను నేడు మనమా పాత పట్టణమును మనస్సుతో చుట్టి వత్తము. 1978వ సంవత్సరమున యునెస్కో సంస్థ లోకమునకెల్ల వారసత్వముగ నెంచదగిన స్థలముల పట్టికను మొట్టమొదట ప్రకటించినపుడే యీ పట్టణము నందు చేర్చెను. ఇచటి దేవాలయములును, బంగారు పూతలును జగత్ప్రసిద్ధములు. మనము వానిని చూతము. కాని చూచుచు నొక ప్రశ్నను గూడ మనస్సున నుంచుకొందము: వీనిని చేసిన చేతులెవరివి? ఆ చేతులవారికి నగరమేమి యిచ్చినది?

ఉదయమున మొదట సాన్ ఫ్రాన్సిస్కో మఠమునకు పోవుదము. ముందు రాతిపరపు గల విశాలమైన మైదానము. దాని పడమటి దెసను తెల్లని రెండు గోపురములు. వాని వెనుక పిచించా కొండ. స్పానియార్డులు రాకముందు క్విటో ఇంకా చక్రవర్తుల నగరము. శత్రువులు వచ్చుచున్నారని విని, రుమిన్యావి యను ఇంకా సేనాని నగరము వారి చేతికి దక్కకుండ తగులబెట్టించెను. ఆ బూడిదపైననే 1534 డిసెంబరు 6వ తేదీన సెబాస్టియన్ డి బెనల్కాజరు స్పానిషు పట్టణమును స్థాపించెను. ఫ్రాన్సిస్కు సభ సన్యాసులు వెనువెంటనే వచ్చి మఠమునకు పునాదులు వేసిరి. ఆ కట్టడము పూర్తియగుటకు నూరేండ్లకు పైగా పట్టెను.

ఆ సన్యాసులలో జొడోకో రికె యను నతడు ముఖ్యుడు. ఫ్లాండర్సు దేశము వాడు. ఈ దేశమున మొట్టమొదట గోధుమను విత్తినవాడీతడేయని చెప్పుదురు. అంతకంటె ఘనమైన విత్తన మొకటి యితడును ఇతని సహచరులును నాటిరి. పదునారవ శతాబ్ది మధ్యమున మఠమునకు చేర్చి సాన్ ఆండ్రెస్ అను పాఠశాలను నెలకొల్పి, ఆదిమ జాతుల పిల్లలకు చదువును, వ్రాతయు, గానమును, వానితో పాటు చిత్రలేఖనము, కొయ్యపని, రాతిపని మొదలగు వృత్తులును నేర్పిరి. ఇందు పాలకుల ప్రయోజనమును గలదన్న సంగతిని దాచరాదు. జయించినవారికి పనివాండ్రు కావలసి యుండిరి. ఆ కాలమున ఆదిమ జాతులవారు వెట్టిచాకిరికిని, తలపన్నుకును లోబడి యుండిరి. అయినను నేర్చిన విద్య నేర్పినవాని యుద్దేశముతో నిలిచిపోదు. ఆ పాఠశాలలో నాటుకొన్న పనితనము తరతరములకు పాకి, క్విటో శిల్పసంప్రదాయమని లోకమున పేరొందినది. ఈ దేవాలయపు పైకప్పులలో మూరుల రీతి కొయ్యపని నేటికిని చూడనగును. ప్రధాన పీఠమున బెర్నార్డో డి లెగార్డా 1734లో చెక్కిన రెక్కలుగల కన్య మరియమ్మ ప్రతిమ యున్నది. అదే శతాబ్దమున కాస్పికారా యను మారుపేరుతో ప్రసిద్ధిచెందిన మాన్యుయెల్ చిలీ ఆదిమ జాతివాడే. అతని కొయ్యశిల్పములలో ప్రాణమున్నట్లు తోచును.

అచటినుండి తూర్పుగ కొంచెము దూరము నడచినచో లా కొంపాన్యియా యను జెసూయిటు సభవారి దేవాలయము. 1605లో నారంభించి 1765 నాటికి ముగించిరి; అనగా నూట యరువది యేండ్లు. ముఖద్వార మంతయు అగ్నిపర్వతశిలపై చెక్కిన పని. లోపల నడుగిడగనే కన్నులు చెదరును. గోడలు, స్తంభములు, కప్పు, పీఠములు సమస్తమును బంగారు మయము. అది పోతబంగారము కాదు. చెక్కిన కొయ్యపై సున్నపు పూతయు, దానిపై నెర్రమట్టి పూతయు నిడి, ఊదిన నెగిరిపోవునంత పలుచగ సాగగొట్టిన బంగారు రేకుల నతికి మెరుగు పెట్టుదురు. ఎంత యోర్పు కావలయునో యూహింపుడు! కట్టడము ముగిసిన రెండేండ్లకే, 1767లో, స్పెయిను రాజు జెసూయిటులను తన రాజ్యములన్నిటినుండి వెడలగొట్టెను. 1987 నాటి భూకంపమున దేవాలయము దెబ్బతినెను; 1996లో మరమ్మతులు జరుగుచుండగా నగ్నిప్రమాదము సంభవించెను. ఆ నష్టమును నేటి పనివారు పూర్వపు రీతిననే సరిచేసిరి.

మధ్యాహ్న భోజనమునకు లోక్రో యను చిక్కని బంగాళాదుంపల పులుసు దొరకును. జున్నును చేర్చి వేడిగ వడ్డింతురు. మన వంటయిండ్లలో నిత్యము వాడు బంగాళాదుంపకు పుట్టినిల్లీ యాండీసు కొండలే. గోధుమ యచటికి పోయినది. దుంప యిచటికి వచ్చినది.

భోజనానంతరము దక్షిణముగ నడచి, 1565లో స్థాపింపబడిన పాత ఆసుపత్రికి పోవుదము. 1974 వరకు రోగులకు చికిత్స జరిగిన యీ భవనము నేడు నగరపు ప్రదర్శనశాల. మన ప్రశ్నకు ప్రత్యుత్తర మిచటనే దొరకును. పెరూ దేశపు కహమార్కానుండి యొక వైద్య సన్యాసికి పరిచారకుడై వచ్చిన ఆదిమ జాతివాడొక డిచట పనిచేసెను. ఆతని కుమారుడు యుహేనియో ఎస్పెహో 1747లో జన్మించెను. జాతిని బట్టి మనుష్యుని తూచు ఆ కాలమున నీ బాలుడు పట్టుదలతో చదివి వైద్యుడయ్యెను. 1785లో మశూచి వ్యాధిని గూర్చి గ్రంథము వ్రాసి, కంటికి కానరాని సూక్ష్మజీవులే రోగమును వ్యాపింపజేయుననియు, శుభ్రతయు, రోగులను వేరుగ నుంచుటయు నవసరమనియు వాదించెను. జెన్నరు మొదటి టీకా వేయుటకిది పదునొకండేండ్లు ముందు. వెడలగొట్టబడిన జెసూయిటుల పుస్తకములతో నేర్పడిన ప్రజా గ్రంథాలయమునకు ఎస్పెహోయే మొదటి యధికారి. 1792 జనవరి 5వ తేదీన క్విటోలో మొట్టమొదటి వార్తాపత్రికను వెలువరించినవాడును ఇతడే. ఏడు సంచికలతో నది నిలిచిపోయెను. స్వాతంత్ర్యభావములను ప్రచారము చేయుచున్నాడను నేరముపై పాలకులతనిని చెరలో బెట్టిరి. చెరలో పట్టుకొన్న రోగముతో, విడుదలయైన కొలదికాలమునకే, 1795 డిసెంబరున మరణించెను. ఆతని మరణమును దొరల పుస్తకమున గాక, ఆదిమ జాతులవారికిని, నల్లవారికిని, సంకర జాతులవారికిని ప్రత్యేకించిన పుస్తకమున వ్రాసిరి. నగరమునకు మొదటి పత్రిక నిచ్చినవానికి నగరమిచ్చిన గౌరవమిది!

అతడు పోయినను భావములు పోలేదు. అవి యెచట ఫలించెనో చూచుటకు ఉత్తరముగ మరలి స్వాతంత్ర్య మైదానము చేరుదము. పడమట అధ్యక్షుని భవనము, దక్షిణమున ప్రధాన దేవాలయము, ఉత్తరమున నార్చిబిషప్పు నగరు. 1809 ఆగస్టు 10వ తేదీన క్విటో పౌరులు స్పానిషు ప్రభుత్వాధికారిని తొలగించి తమ ప్రభుత్వమును ప్రకటించిరి. మరుసటి యేట ఆగస్టు 2న, చెరలోనున్న నాయకుల నెందరినో సైనికులు చంపిరి. 1822 మే 24న పిచించా వాలుననే సూక్రె సేనాని గెలుపొందుటతో విడుదల లభించెను. ఆ యుద్ధమున గాయపడి మరణించిన ఆబ్దోన్ కాల్డెరోన్ పదునెనిమిదేండ్లు నిండని బాలుడు. సూక్రె సమాధి ప్రధాన దేవాలయమున నున్నది. మైదానము నడుమ 1906లో నెత్తిన జయస్తంభము నిలిచి యున్నది. అయినను స్తంభముపై వ్రాయని సంగతు లున్నవి. ఆదిమ జాతులవారి తలపన్ను 1857 వరకు పోలేదు. చదువురానివారికి ఓటు హక్కు 1979 నాటి రాజ్యాంగముతో గాని రాలేదు. చదువు లేనివారిలో నధికులెవరో వేరుగ చెప్పనక్కరలేదు.

ప్రొద్దు క్రుంకువేళకు బండియెక్కి పనెసియ్యో గుట్టపైకి పోవుదము. లెగార్డా చెక్కిన చిన్న కొయ్యప్రతిమయే యిచట మహారూపము దాల్చి, 1975నుండి నగరమును చూచుచున్నది. సుమారు 7,000 అల్యూమినియము ముక్కలతో దానిని కూర్చిరి. క్రింద దీపములు వెలుగుచుండ, ఉదయమునుండి నడచిన దారియంతయు నొక్క చూపున కానవచ్చును: మఠము, దేవాలయము, ఆసుపత్రి, మైదానము.

ఉదయమున మనమడిగిన ప్రశ్నకు ప్రత్యుత్తరము మన కన్నులయెదుట నున్నది. చేతులు నేలతల్లి బిడ్డలవి. నగరము వారికిచ్చినది స్వల్పము. ఇచ్చినవానిలో తిరిగి తీసికొనలేకపోయినది విద్య యొక్కటే. రాజులు పోయిరి, బంగారము కాలినది, గోపురములు కూలినవి. నేర్చిన పని మాత్రము నిలిచి వానిని మరల కట్టినది. బాలబాలికలారా! మీ బల్లపైనున్న పలకయు, మీ చేతనున్న పనిముట్టును తేలికయైనవని యెన్నడును తలంపకుడు.