ఆడమొక్కకే ధర

అశ్వారావుపేటలో పామాయిల్ తోటకు వెళ్తే ఎన్ని టన్నులొచ్చాయని కాదు, ఈసారి మగ గెలలు ఎన్ని పడ్డాయని అడగాలి. ఒకే చెట్టు కొన్నాళ్లు ఆడ గెలలు, కొన్నాళ్లు మగ గెలలు వేస్తుంది. కాయ పట్టని మగ గెలతో ఫ్యాక్టరీకి పనిలేదు. ఎండాకాలం నీళ్లు చాలకపోతే మగవి పెరుగుతాయి. ఆ దెబ్బ వెంటనే కనిపించదు. పూగుత్తి ఆడదో మగదో విచ్చుకోవడానికి చాలా నెలల ముందే మొవ్వులో తేలిపోతుంది మరి. బీర, కాకర వేసేవాళ్లకు ఇంకో కిటుకు తెలుసు. మొక్క లేతగా ఉన్నప్పుడు ఎథ్రిల్ కొడితే ఆడపూలు ఎక్కువొస్తాయి. ఆ మందు మొక్క లోపల ఇథిలీన్ వాయువును వదులుతుంది.

ఇక్కడి ఆంధ్ర-తెలంగాణ సరిహద్దు రోడ్ల మీదే కార్ల డిక్కీల్లో దాక్కుని పోయే గంజాయిదీ ఇదే రసాయనం.

గంజాయిలో ఆడ, మగ మొక్కలు వేరు. మత్తు ఎక్కువగా గింజ పట్టని ఆడపూల గుత్తిలో ఉంటుంది. పుప్పొడి తగిలితే గుత్తి గింజల మయమై ధర పడిపోతుంది. 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన హెంప్ డ్రగ్స్ కమిషన్, బెంగాల్‌లోని నౌగావ్ పొలాల్లో మగమొక్కలను ఆనవాలు పట్టి పీకేసే నిపుణుల సంగతి నమోదు చేసింది. పొద్దార్లనేవారు వాళ్లను. రైతులు కూలిచ్చి మరీ పిలిపించుకునేవారు.

ఆ కంటి నేర్పుతో పని లేకుండా చేసిన పరిశోధన జరిగింది ఢిల్లీ విశ్వవిద్యాలయంలో. హెచ్.వై. మోహన్‌రామ్, వి.ఎస్. జైస్వాల్ 1970లో ఎథ్రిల్‌లో ఉండే రసాయనంతోనే మగ గంజాయి మొక్క మీద ఆడపూలు పూయించారు. 1982లో మోహన్‌రామ్, ఆర్. సెట్ దాన్ని తిరగేశారు. వెండి లవణాలు ఇథిలీన్ పనిని అడ్డుకుంటాయి. వాటితో ఆడమొక్క మీద మగపూలు తెప్పించారు. ఆ పుప్పొడిలో మగ క్రోమోజోమ్ ఉండదు కాబట్టి, పుట్టే గింజల్లో దాదాపు అన్నీ ఆడవే.

శాస్త్ర పత్రికలో అచ్చయిన ఆ సంగతి ఇప్పుడు విదేశాల్లో పెరటి విద్య. కెనడా 2018లో ఇంటికి నాలుగు మొక్కల దాకా అనుమతించింది. జర్మనీ 2024 నుంచి పెద్దవాళ్లకు మూడేసి ఒప్పుకుంది. మూడింటిలో ఒకటి మగదైతే పంటలో మూడోవంతు పోయినట్టే, పైగా మిగతా రెండూ గింజ పట్టి చెడతాయి. అందుకే ఆడ విత్తనానికి అంత గిరాకీ. కొందరు ఇంట్లోనే తయారుచేసి తోటివాళ్లకు పంచుతున్నారు. అయితే ఒత్తిడికి తనంతట తానే మగపూలు వేసే మొక్కను తల్లిగా పెట్టుకుంటే, ఆ గుణం పిల్లలకూ వస్తుంది. ఆ తల్లి ఎలాంటిదో పంచినవాడి మాట మీద నమ్మాల్సిందే. నర్సరీ మొక్క తెచ్చి, గెల కోసేదాకా మూడు నాలుగేళ్లు మేపే పామాయిల్ రైతుకు ఈ దిగులు కొత్తగా చెప్పక్కర్లేదు.

మన దగ్గర ఈ పెంపకం నేరం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం దృష్టిలో గంజాయి అంటే పూత, కాయల గుత్తులు. విడిగా ఉన్న గింజ ఆ నిర్వచనంలోకి రాదు. దాన్ని నాటితే మాత్రం పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. కుండీలో ఒక్కటైనా, కొండ మీద ఎకరమైనా అదే సెక్షన్. ఇది చిత్రమే అయినా, చట్టం అసలు గురి తప్పేది ఇక్కడ కాదనిపిస్తుంది. 2021లో ఆంధ్ర పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. అయినా శీలావతి రకం సరుకు మైదానానికి దిగడం ఆగలేదు. 20 కిలోలు దాటితే కనీస శిక్షే పదేళ్లు. చెక్‌పోస్టులో ఆ లెక్కకు దొరికేది ఎక్కువగా కిరాయికి బండి తోలే కుర్రాళ్లు. కొండమీద విత్తనానికీ ఎరువుకూ అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారి ఆ బండిలో ఉండడు.