తుపాకీ పెట్టె కొనేముందు

గత సంవత్సరం వేసవి సెలవులలో మేము టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ పరిసరాలలో నివసిస్తున్న మా తమ్ముని కుమారుని ఇంట రెండు నెలలు ఉన్నాము. అతనికి ఒక పెట్రోలు బంకు, దానికి ఆనుకొని ఒక చిన్న దుకాణం ఉన్నాయి. రాత్రి పొద్దుపోయేవరకు గల్లాపెట్టె వద్ద ఒంటరిగా ఉండవలసి రావటంతో ఒక పిస్టలు కొన్నాడు. "పిల్లలకు ఆ సంగతే తెలియదు బడే అబ్బా, అలమారా పైఅరలో దుప్పట్ల వెనుక ఉంచాను" అని మాతో చెప్పాడు. మరునాడు ఉదయం మా వద్ద ఖాయిదా చదువుకొనటానికి కూర్చున్న అతని ఆరేండ్ల కుమార్తె ఏ ప్రసంగమూ లేకుండానే, "దాదా, అబ్బా బందూకు దుప్పట్ల వెనుక ఉంది. కుర్చీ వేసుకుంటే అందుతుంది" అన్నది. మా నోట కొంతసేపు మాట రాలేదు.

ఇది ఆ ఒక్క ఇంటి ముచ్చట కాదు. అలబామా రాష్ట్రపు పల్లెలలో తుపాకీలున్న కుటుంబాలను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనం ఒకటున్నది. తుపాకీ ఉండే చోటు తమ పిల్లలకు తెలియదని చెప్పిన తల్లిదండ్రులలో 39 శాతం మంది మాటను వారి పిల్లలే కాదన్నారు. ఆ దేశంలో 2020 నుండి పిల్లల, కౌమారుల మరణాలకు మొదటి కారణం తుపాకీయే. రోడ్డు ప్రమాదాలు దాని తరువాతివి.

మన ఊళ్ళలో తుపాకీ అంటే ఎన్నికల వేళ పోలీసు స్టేషనులో అప్పగించే లైసెన్సు తుపాకీ. అదీ ఏ కొద్ది ఇండ్లలోనో ఉంటుంది. అమెరికాలో పది మంది పెద్దవారిలో సుమారు నలుగురు తుపాకీ ఉన్న ఇంటిలోనే నివసిస్తున్నారు. మన పిల్లలు వెళ్ళి స్థిరపడుతున్నది ఆ ఇరుగుపొరుగులోనే. ఒక మాట ముందుగా చెప్పవలసి ఉన్నది. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాపై ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ కలిగి ఉండటమే అక్కడి ఫెడరల్ చట్టరీత్యా నేరం. స్నేహితులు కొంటున్నారని తామూ కొనేవారు దీనిని మరువరాదు. మేము వ్రాస్తున్నది గ్రీన్ కార్డో పౌరసత్వమో పొంది, తుపాకీ కొననే కొన్న ఇండ్ల గురించి. అసలు లేని ఇల్లే పిల్లలకు అన్నిటికంటె క్షేమమని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెప్పుచున్నది. మా అభిప్రాయమూ అదే.

"తూటా ఎక్కించి ఉంచలేదు కదా బడే అబ్బా" అని అతడు సమాధానపడబోయాడు. బాణాలతో మస్జిదులో గాని బజారులో గాని నడిచేవారు వాటి మొనలను చేత పట్టుకొనవలెనని దైవప్రవక్త (స) ఆదేశించిన సంగతి అతనికి గుర్తు చేశాము. జాగ్రత్తపడవలసిన భారం ఎదుటివానిపై కాదు, ఆయుధం గలవానిపైనే ఉన్నది. ఆ సాయంత్రమే ఇద్దరం దుకాణానికి బయలుదేరాము. తిజోరీకి 300 డాలర్లకు మించి ఖర్చు చేయలేనని దారిలోనే చెప్పాడు.

అక్కడ మనిషెత్తు తిజోరీలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. వాటిలో మంచివాటికి యు.ఎల్. సంస్థవారి 'ఆర్.ఎస్.సి.' ముద్ర ఉంటుంది. దాని అర్థమేమని విచారించగా, సుత్తి, స్క్రూడ్రైవరు, గడ్డపార వంటి చేతి పనిముట్లతో ఒక మనిషి తెరవజూచినా అయిదు నిమిషాలు తట్టుకొంటుందని తెలిసింది. అయిదు నిమిషాలే! ఉక్కురేకు మందాన్ని వారు 'గేజ్'లో చెపుతారు. అంకె పెరిగేకొద్దీ రేకు పలుచనవుతుంది. 14 గేజ్ రేకు రెండు మిల్లీమీటర్లయినా ఉండదు, 12 గేజ్ రెండున్నర దాటుతుంది. తలుపు మీద పెద్ద అక్షరాలతో వ్రాసే 'అగ్నికి ఇన్ని నిమిషాలు' అన్న మాటను చూచి అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు. చాలా కంపెనీలు ఆ పరీక్షను తమకు తోచిన పద్ధతిలో జరుపుకొంటాయి. లోపల ఉండేది గోడలకు వాడే జిప్సం పలకే. నికాహ్‌నామా, పాస్‌పోర్టులు భద్రపరచుకొనటానికి వేరే చిన్న పెట్టె చాలును.

ఒక్క పిస్టలు ఉన్నవానికి అంత తిజోరీ దేనికి? వేట తుపాకీలున్నవారికైతే తాళం గల ఉక్కు బీరువా 200 డాలర్ల ప్రాంతంలో దొరుకుతుంది. దానిని గోడకో నేలకో బోల్టులతో బిగించితేనే ప్రయోజనం. పిస్టలు పెట్టెలు 40 డాలర్ల నుండే ఉన్నాయి. చిక్కంతా వాటి తాళంలో ఉన్నది. చౌక రకపు ఎలక్ట్రానిక్ తాళాలలో గడియను ఆపేది ఒక చిన్న విద్యుదయస్కాంతపు కడ్డీ. కొన్ని పెట్టెలను నాలుగంగుళాల ఎత్తు నుండి జారవిడిచినా ఆ కడ్డీ ఎగిరి తలుపు తెరచుకొంటుంది. వేలిముద్ర తాళాల సంగతి ఇంకా విచారకరము. 2023 అక్టోబరులో అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషను ఒక కంపెనీవి సుమారు 61,000 పెట్టెలను వెనుకకు రప్పించింది. యజమాని తన వేలిముద్ర నమోదైనదనే అనుకొనేవాడు, కాని పెట్టె ఏ వేలు పెట్టినా తెరచుకొనే స్థితిలోనే ఉండిపోయేది. పన్నెండేండ్ల బాలుడొకడు మరణించాడు. వేలిముద్ర పెట్టె ఇప్పటికే ఉన్నవారు ఇంటిలోని అందరి వేళ్ళూ పెట్టి ఈరోజే పరీక్షించి చూడవలెను.

చివరకు అతడు బ్యాటరీ అక్కరలేని, మీటలు వరుసగా నొక్కితే తెరచుకొనే యాంత్రిక తాళం గల పెట్టె తీసుకొన్నాడు. దళసరి రేకు, అడుగున బోల్టు రంధ్రాలు ఉన్నాయి; వెల 260 డాలర్లు. అమ్మకపు పన్ను పడలేదు. టెక్సాస్‌లో తుపాకీ భద్రతా పరికరాలకు 2021 సెప్టెంబరు నుండి ఆ పన్ను లేదు. డాలస్‌లో అది 8.25 శాతం. తానూ దుకాణదారుడే అయినా అతనికి ఈ సంగతి తెలియదు.

ఆ మాత్రం కూడా పెట్టలేనివారు ఖాళీ చేతులతో ఉండనక్కరలేదు. తుపాకీ గుండా దూర్చి వేసే తీగ తాళాన్ని ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ వారు 1999 నుండి పోలీసు శాఖల ద్వారా ఉచితంగా పంచుచున్నారు. లైసెన్సు గల వర్తకుడు పిస్టలుతో పాటు ఏదో ఒక తాళం ఇవ్వవలెనని 2005 నాటి చట్టం కూడా ఉన్నది. మా వాడు తనకిచ్చిన తాళాన్ని విప్పనైనా విప్పక అట్టపెట్టెలోనే ఉంచాడు! తీగ తాళం దొంగను ఆపదు, తుపాకీని ఎత్తుకొనిపోవచ్చును. పసిబిడ్డ చేతిలో పేలకుండా మాత్రం ఆపుతుంది.

పెట్టెను అలమారా అడుగున కాంక్రీటు నేలకు నాలుగు బోల్టులతో బిగించటానికి ఒక పూట పట్టింది. అద్దె ఇంటివారైతే యజమాని అనుమతి తీసుకొని బరువైన మంచం చట్రానికైనా బిగించుకొనవచ్చును. తూటాలు వేరే గదిలో, వేరే తాళం క్రింద చేరాయి. అంకెల వరుసగా అతడు మొదట కుమార్తె జన్మదినాన్ని పెట్టబోగా మేము వారించాము. ఆ ఇంట ఆ తేదీ తెలియనివారెవరు?

పదిహేడేండ్ల లోపు పిల్లలకు తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా ఉంచటం టెక్సాస్‌లో శిక్షార్హమైన నేరమని ఆ రాత్రి కోడలికి చెప్పాము. ఆమె కొంతసేపు ఆలోచించి, పాప శనివారాలు ఆడుకొనటానికి వెళ్ళే పొరుగింటికి ఫోను చేసింది. మీ ఇంట తుపాకీ ఉన్నదా, ఉంటే తాళం వేసి ఉన్నదా అని మర్యాదగానే అడిగింది. ఆ ఇల్లాలు నొచ్చుకోలేదు. తమవి రెండున్నాయనీ, ఒకదానికే తాళం ఉన్నదనీ చెప్పింది. శనివారం ఆ పాపే వీరింటికి వచ్చి ఆడుకొన్నది.