నోటు పుస్తకం నిండకపోతే చదువు రానట్టేనా?

బడి నుంచి వచ్చిన పిల్లవాడి సంచీ తెరిచి చూడటం మన ఇళ్ళలో సాయంత్రం పనుల్లో ఒకటి. నోటు పుస్తకంలో నాలుగు పేజీలు నిండి, కింద ఎర్ర సిరాతో సంతకం కనిపిస్తే తల్లికి తృప్తి. పేజీ ఖాళీగా ఉంటే అనుమానం. "ఆజ్ క్యా పఢే?" అని అడిగితే, ఒకటో తరగతి పిల్లవాడు చింతగింజలు లెక్కపెట్టామనో, బజారు ఆట ఆడామనో, సార్ కథ చెప్పారనో అంటాడు. "ఖేల్నేకూచ్ జాతే క్యా ఇస్కూల్కు?" అని ఆమె కసురుకుంటుంది. ఆ వారంలోనే తండ్రి బడికి వెళ్ళి, మా అబ్బాయికి ఏమీ రాయించటం లేదని ఫిర్యాదు చేస్తాడు. ఉపాధ్యాయుడికి ఈ ఫిర్యాదు కొత్త కాదు. ఈ గొడవంతా ఎందుకని మర్నాటి నుంచి బోర్డు మీద పది వాక్యాలు రాసి, చూసి రాయమంటాడు. పుస్తకం నిండుతుంది. అందరూ సంతోషిస్తారు.

ఈ సంతోషం ఎంత ఖరీదైనదో మూడో తరగతికి వచ్చాక గాని తెలియదు. దేశంలోని పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చేత చదివించి చూసే సర్వే ఒకటి 2005 నుంచి జరుగుతోంది. దాని పేరు 'అసర్'. ఆ మాటకు అర్థం మన పాఠకులకు చెప్పనక్కర లేదు. రెండో తరగతి స్థాయి చిన్న కథను పిల్లవాడి చేతికిచ్చి చదవమంటారు, అంతే. మూడో తరగతి పిల్లల్లో ఆ కథను చదవగలిగినవారు 2018లో నూటికి సుమారు 27 మంది. కరోనా కాలంలో బడులు మూతపడిన తరువాత, 2022లో, అది సుమారు 20కి పడిపోయింది. 2024లో మళ్ళీ 27 దగ్గరికి చేరింది. అంటే మంచి ఏడాదిలో కూడా నలుగురిలో ముగ్గురికి చదవటం రావటం లేదు. వీళ్ళెవరూ నోటు పుస్తకం లేనివాళ్ళు కారు. చూసి రాసే పిల్లవాడు అక్షరాన్ని బొమ్మలా గీస్తాడు. 'భ' తలకట్టూ, దాని ఒత్తూ ముత్యాల్లా వస్తాయి. తను రాసిందేమిటని అడిగితే బిక్కమొహం వేస్తాడు.

ఇది అందరి పిల్లల సమస్యే. అయితే ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ తెలుగు మీడియం బడికి వెళ్ళే పిల్లవాడికి ఇంకా పెద్ద సమస్య. అందుకే ఈ వారం ఆ పిల్లవాడి తరగతి గదిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జరిగే పనులను కాస్త దగ్గరగా చూద్దామనుకున్నాము.

హాజరుతోనే మొదలు

ఉదయం ప్రార్థన కాగానే హాజరు పట్టీ తెరుస్తారు. 'హాజరు' అన్న మాట ఆ పిల్లవాడి ఇంటిదే. కుర్చీ, కాగితం, కలం, జేబు, రుమాలు, దుకాణం, బజారు, మైదానం, గులాబీ, జవాబు, రోజు, ఖాళీ - ఇవన్నీ తెలుగువాళ్ళు తెలుగే అనుకుని వాడే మాటలు. తెలివైన ఉపాధ్యాయుడు మొదటి నెలలో ఈ మాటలను ఏరి, బొమ్మలు గీసి, కింద పేర్లు రాసి గోడకు అంటిస్తాడు. బడిలో తనకు ఏమీ తెలియదనుకుని మూలకు నక్కిన పిల్లవాడు తనకు తెలిసిన మాటను గోడ మీద చూస్తాడు. అక్కడి నుంచి అతనికి నోరు లేస్తుంది. నోరు లేవనిదే అక్షరం రాదు. తను మాట్లాడలేని భాషలో ఏ పిల్లవాడూ చదవలేడు. గుణింతాలు అప్పజెప్పగలడేమో గాని, చదవలేడు.

తరువాత కబుర్ల గంట. నిన్న ఇంట్లో ఏం వండారు, దారిలో ఏం చూశారు, ఎవరింటికి చుట్టాలొచ్చారు అని అడుగుతారు. బయటివాళ్ళకు ఇది కాలక్షేపం. మేము దీన్నే అసలు పాఠమంటాము. ఉర్దూలో 'హమ్' ఒక్కటే. తెలుగులో 'మేము' వేరు, 'మనము' వేరు. "సార్, రేపు మనం పెళ్ళికి పోతున్నాం" అంటాడు పిల్లవాడు. తరగతి అంతా పెళ్ళికి బయలుదేరినట్టే! నవ్వుతారు. ఉపాధ్యాయుడు నవ్వకుండా, "మీరు పోతున్నారా? ఎవరి పెళ్ళి?" అని అడిగితే, మరో నాలుగు రోజులకు 'మేము' దానంతట అదే వస్తుంది. వ్యాకరణం చెప్పి రాయిస్తే మాత్రం ఏడాదికీ రాదు.

నవ్వు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఉర్దూలో 'ళ' లేదు, 'ణ' లేదు. మన పిల్లవాడు కళ్ళు మూసుకున్నానని చెప్పబోయి 'కల్లు' అంటాడు. ముస్లిం పిల్లవాడి నోట కల్లు మాట వినగానే తరగతి ఘొల్లుమంటుంది. ఆ రోజుతో నోరు మూసుకున్న పిల్లలు చాలామంది ఉంటారు. ఉపాధ్యాయులు వాళ్ళను మందమతులంటారు, తల్లిదండ్రులు అదే నిజమనుకుంటారు. నాలుగైదు తరగతులు గడిచేసరికి ఆ పిల్లవాడు మెకానిక్ షెడ్డులోనో, పండ్ల బండి పక్కనో కనిపిస్తాడు. అతను మందమతి కాడు. ఫజర్ నమాజు తరువాత మస్జిద్‌లో ఇదే పిల్లవాడు సీన్, స్వాద్, సే అక్షరాలకు తేడా చూపించి పలుకుతాడు. ఏ అక్షరం గొంతులో ఎక్కడ నుంచి, నాలుక ఏ అంచు నుంచి రావాలో ఉస్తాద్ చూపిస్తే నేర్చుకున్నాడు. దాన్ని మఖ్రజ్ అంటారని మనకు తెలుసు. అదే పద్ధతిలో, నాలుక కొనను పైకి మడిచి అంగిటికి తాకించమని చెప్పి నాలుగుసార్లు అనిపిస్తే, 'ళ' వారంలో వస్తుంది.

జబర్, జేర్, పేష్

ఆ పిల్లవాడు తెచ్చుకున్న సొత్తు ఇంకా ఉంది. మక్తబ్‌లో ఖాయిదా చదివినవాడికి అక్షరం ఒకటి, దాని మీదా కిందా పెట్టే గుర్తు ఒకటి అన్న సంగతి ముందే తెలుసు. జబర్ పెడితే 'క', జేర్ పెడితే 'కి', పేష్ పెడితే 'కు'. తెలుగు గుణింతం కూడా ఇదే పని కదా! ఉర్దూ పెద్ద పుస్తకాల్లో ఈ గుర్తులు మాయమైపోతాయి, తెలుగులో ఎప్పటికీ పోవు, అంతే తేడా. ఈ సంగతి తెలిసిన ఉపాధ్యాయుడు గుణింతాన్ని కొత్తగా మొదలుపెట్టడు. "నీకు వచ్చిందే, ఇక్కడ వేషం మార్చుకుంది" అంటాడు. తెలియని ఉపాధ్యాయుడు పొద్దున్నే మస్జిద్‌కు పంపటం వల్లే వీడికి నిద్రమత్తు అని విసుక్కుంటాడు.

చిక్కు దిశలో ఉంది. ఖాయిదా కుడి నుంచి ఎడమకు, తెలుగు ఎడమ నుంచి కుడికి. మొదటి నెలల్లో పిల్లవాడు నోటు పుస్తకాన్ని వెనక వైపు నుంచి తెరుస్తాడు. దీనికి కొట్టాల్సిన పని లేదు. పేజీ అంచున బాణం గుర్తు గీసిస్తే చాలు. ఉర్దూ మీడియం పిల్లవాడికి ఇంకో వింత ఉంది. వాక్యం కుడి నుంచి ఎడమకు నడుస్తుంటే, మధ్యలో 25 అన్న అంకె వచ్చినప్పుడు రెండును ఎడమన, అయిదును కుడిన రాయాలి. 52 అని రాసే పిల్లవాడికి లెక్క రాక కాదు, దారి తప్పి అలా రాస్తాడు.

పుల్లల కట్టలు

లెక్కల గంటలో చింతగింజలు, చీపురు పుల్లలు బయటికొస్తాయి. పది పుల్లలకు రబ్బరు బ్యాండు వేస్తే ఒక కట్ట. ఆరు కట్టలు, తొమ్మిది విడి పుల్లలు - అరవై తొమ్మిది. తెలుగులో ఇరవై దాటాక అంకె పేరే లెక్కను చెప్పేస్తుంది. ఉర్దూలో అలా కాదు. ఉన్హత్తర్ అంటే 69, ఉనాసీ అంటే 79. ఈ రెంటి దగ్గర పెద్దవాళ్ళు కూడా బేరంలో తడబడటం మేము చూశాము. నూరు వరకు దాదాపు ప్రతి పేరునూ విడిగా బట్టీ పట్టాలి. 'హత్తర్' అని చెవిన పడగానే పిల్లవాడు సత్తర్ అనుకుని డెబ్బయిల్లోకి వెళ్ళిపోతాడు. కాబట్టి పుల్లల కట్టలు తెలుగు పిల్లలకు ఆరు నెలలు అవసరమైతే, ఉర్దూ మీడియం పిల్లలకు ఏడాది అవసరం. మన ఉర్దూ బడుల్లో ఎక్కాల పుస్తకం త్వరగా చేతికిచ్చి, పుల్లలు త్వరగా దాచేయటం మాకు నచ్చని పని.

తీసివేత దగ్గర ఈ కట్టల విలువ మరీ తెలుస్తుంది. 52లో నుంచి 17 తీయాలి. రెండులో నుంచి ఏడు పోదు. పక్క స్థానం నుంచి 'అప్పు' తెచ్చుకోమంటాము. అప్పు మళ్ళీ తీర్చాలి కదా అని పిల్లవాడికి సందేహం, న్యాయమైన సందేహమే. కట్ట విప్పి చూసినవాడికి ఈ సందేహం రాదు. అది అప్పు కాదు, తన దగ్గరున్న పదిని విప్పుకోవటమని అతను చేత్తో చేసి తెలుసుకున్నాడు.

బజారు ఆటలో మన పిల్లలు ముందుంటారు. తండ్రి వెంట బండి దగ్గర నిలబడిన పిల్లవాడికి డేఢ్ సౌ అంటే 150, ఢాయీ సౌ అంటే 250 అని ఎవరూ నేర్పనక్కర లేదు. పావు కిలో ధర చెప్పగలడు. అదే పిల్లవాడు నాలుగో తరగతిలో 1/4 చూసి భయపడతాడు. పావుకూ, ఆ గీతకూ మధ్య వంతెన కట్టేది ఈ ఆటే.

ఇద్దరు పంతుళ్ళు, అయిదు తరగతులు

ఇవన్నీ చేయటానికి ఉపాధ్యాయుడికి తీరికెక్కడిదని అడగవచ్చు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు. తరగతులేమో అయిదు. ఒకరు నాలుగు, అయిదు తరగతులకు పాఠం చెబుతుంటే తక్కిన పిల్లలు ఏం చేయాలి? 'చూసి రాయండి' అన్న మాట పుట్టేది ఇక్కడే. పంతులుగారి సోమరితనమని ఊరికే అనేయకూడదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీవారు తమ చుట్టుపక్కల చిన్న పల్లె బడుల కోసం ఈ చిక్కుకే ఉపాయం వెతికారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలాగా వరస పెట్టారు. ఎవరి మెట్టు మీద వాళ్ళు పని చేసుకుంటారు, పంతులుగారు అవసరమైనవాడి పక్కన కూర్చుంటారు. అక్కడి పద్ధతి చూసి తమిళనాడు ప్రభుత్వం 2007లో తన రాష్ట్రమంతటా అమలు చేసింది. మన దగ్గర 1980లలోనే బ్రిటిష్ సహాయంతో 'అప్పెప్' అనే పథకం వచ్చి, కృత్యాల ద్వారా బోధించటం ఎలాగో వేలాదిమంది ఉపాధ్యాయులకు నేర్పింది. చార్టులు తగిలించి తనిఖీవాళ్ళకు చూపించి సరిపెట్టుకున్న బడులూ ఉన్నాయి, నిజంగా మారిన బడులూ ఉన్నాయి. 2021లో కేంద్రం 'నిపుణ్ భారత్', 2022లో తెలంగాణ 'తొలిమెట్టు' మొదలుపెట్టి, మూడో తరగతి ముగిసేసరికి చదవటం, లెక్క రావాలన్నాయి. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం కూడా చేరింది. మన పిల్లవాడికి భాష ఇంకొకటి పెరిగింది, మాట్లాడించవలసిన అవసరం అంతకు రెట్టింపు పెరిగింది.

పథకాల పేర్లు మారినా తండ్రి ఫిర్యాదు మారలేదు. అందుకే ఈ వ్యాసం.

ఇంట్లో చేయగలిగింది

బిడ్డకు చదువు వస్తోందో లేదో చూడాలంటే నోటు పుస్తకం తెరవకండి. అతను ముందెప్పుడూ చూడని పేజీ ఒకటి ఇవ్వండి. పాత పత్రికలోని పిల్లల కథైనా సరే. చదివాక, "ఇప్పుడు ఉర్దూలో చెప్పు, ఏం జరిగింది?" అని అడగండి. తల్లికి తెలుగు అక్షరం రాకపోయినా ఈ పరీక్ష పెట్టవచ్చు. అర్థమైందా లేదా అన్నది బిడ్డ ముఖంలోనే తెలిసిపోతుంది. ఇంటిల్లిపాదికీ రొట్టెలు ఎన్ని కావాలో, నిన్న మిగిలినవి పోను ఎన్ని చేయాలో అతన్నే చెప్పమనండి. బట్టీ పట్టిన ఎక్కం అక్కడ పనికిరాదు, అర్థమైన లెక్కే పనికొస్తుంది.

బడికి వెళ్ళినప్పుడు, ఎన్ని పేజీలు రాయించారని అడిగే బదులు, మా అమ్మాయి తరగతిలో మాట్లాడుతోందా అని అడగండి. నవ్వులపాలవుతోందా అని అడగండి. విద్యాహక్కు చట్టం చెప్పిన పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. కమిటీ సమావేశాలకు మన మహల్లాల నుంచి, ముఖ్యంగా తల్లులు, వెళ్ళటం తక్కువ. తెలుగు సరిగ్గా రాదని సంకోచం. కూలి పోతుందని భయం కూడా ఉంటుంది. పొద్దుటి పూట పెట్టే సమావేశాన్ని సాయంత్రానికి మార్చమని అడిగే హక్కు సభ్యులకుంది.

నానీలు, దాదీలు చెప్పే కథల సంగతి కూడా ఆ సమావేశంలో కదపవచ్చు. ఇంట్లో దక్కనీలో విన్న కథను పిల్లవాడు మర్నాడు తరగతిలో వచ్చీరాని తెలుగులో చెబుతాడు. అతను చెప్పినట్టే ఉపాధ్యాయుడు అయిదారు వాక్యాలు బోర్డు మీద రాస్తే, ఆ రోజుకు అదే వాచకం. పిల్లలందరూ దాన్ని చదువుతారు, అందరికంటే ముందు ఆ కథ చెప్పినవాడు చదువుతాడు.