కొమ్మ మీది గుంపు ఎటు పోతుంది?

జీడిమామిడి పూత మీద ఉండే రోజుల్లో మాకవరపాలెం చుట్టుపక్కల తోటల్లో ఏటా ఎవరో ఒకరి కంట పడే దృశ్యం ఇది. నిన్నటిదాకా బోసిగా ఉన్న కొమ్మకు మూరెడు పొడవున వేల తేనెటీగలు ఒకదాని కాళ్లు ఒకటి పట్టుకుని వేలాడుతుంటాయి. మైనం లేదు, గదులు లేవు, పిండితే చుక్క తేనె రాదు. ఉత్త ఈగలు. నలుగురూ పోగవుతారు. పొగ పెడదామని ఒకరంటే, కిరసనాయిలు గుడ్డ చుట్టిన కర్ర తెమ్మని ఇంకొకరంటారు. ఈ తర్జనభర్జన తేలకముందే, ఆ సాయంత్రమో మర్నాడో, గుంపు మొత్తం ఒక్కసారిగా లేచి నర్సీపట్నం వైపో కొండల వైపో పోతుంది. చూసినవాళ్లందరికీ అప్పుడు వచ్చే సందేహం ఒక్కటే. ఎటు పోవాలో వాటికి ఎవరు చెప్పారు?

ఈ సందేహం తీరడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది. తీరిన తీరు మాత్రం జీవశాస్త్రంలోని అందమైన కథల్లో ఒకటి.

ముందు గుంపు ఎందుకు బయటపడిందో చూద్దాం. తూర్పు కనుమల వారగా మనకు ముఖ్యంగా మూడు రకాల తేనెటీగలు కనిపిస్తాయి. ఎత్తయిన చెట్లకూ కొండ రాళ్లకూ బయటే ఒక పెద్ద పట్టు పెట్టేది కొండ తేనెటీగ. పొదల్లో అరచేతి వెడల్పు పట్టు పెట్టేది చిన్న తేనెటీగ. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో, చీకటి ఉన్న చోట వరసగా పట్లు కట్టేది పుట్ట తేనెటీగ, శాస్త్రవేత్తల లెక్కలో ఏపిస్ సెరానా. పెట్టెలో ఇమిడే మన దేశవాళీ ఈగ ఇదే. జీడి, మామిడి పూసి, వెనకే వేప, కానుగ వస్తుంటే రాణి గుడ్లు పెట్టే జోరు పెంచుతుంది, తుట్టె కిక్కిరిసిపోతుంది. రాణి ఒంటి నుంచి వెలువడే రసాయనం ఆ రద్దీలో అందరికీ అందదు. కూలి ఈగలు పట్టు అడుగు అంచున కిందికి వేలాడే రాణి గదులు కట్టడం మొదలుపెడతాయి. పాత రాణికి మేత తగ్గిస్తాయి. అది గుడ్లు మానేసి, చిక్కి, ఎగరగలిగే బరువుకు దిగుతుంది. మొదటి రాణి గదికి మూత పడే వేళకు సగానికి పైగా కూలి ఈగలు కడుపునిండా తేనె తాగి, పాత రాణితో సహా బయటపడతాయి. కట్టిన ఇల్లు కూతురికి, ఇల్లు వెతుక్కునే పని తల్లికి. ఒక తుట్టె రెండయ్యే పద్ధతి ఇది.

ఇక అసలు కథ కొమ్మ మీద.

రాణే దారి చూపిస్తుందని జనం చాలాకాలం నమ్మారు. అరిస్టాటిల్ అయితే దాన్ని రాజు అన్నాడు. ఆ మాట దాదాపు రెండు వేల ఏళ్లు నిలిచింది. 1609లో ఇంగ్లండులో చార్లెస్ బట్లర్ అనే మతాచార్యుడు అది ఆడదేనని పుస్తకమంతా వాదించాడు. ఆ శతాబ్దంలోనే డచ్చి శాస్త్రవేత్త యాన్ స్వామర్‌డామ్ సూక్ష్మదర్శిని కింద కోసి, లోపల అండాశయాలు చూపించాడు. రాజు రాణి అయ్యాడు గానీ, ఏలిక అన్న భ్రమ పోలేదు. నిజానికి గుంపు వలసలో రాణి పాత్ర చాలా చిన్నది. అది దారిలో తప్పిపోతే గుంపు వెనక్కి తిరిగి వస్తుంది, అంతవరకే. ఎక్కడికి పోవాలన్న ఆలోచనలో దానికి వంతు లేదు.

మరి ఎవరిది వంతు? 1949 వసంతంలో మ్యూనిక్‌లో మార్టిన్ లిండావర్ అనే యువకుడు దాన్ని కనిపెట్టాడు. ఆయన యుద్ధంలో గాయపడి తిరిగొచ్చిన సైనికుడు. కోలుకుంటున్న రోజుల్లో డాక్టరు సలహా మీద కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఉపన్యాసానికి వెళ్లి, ఆయన శిష్యుడైపోయాడు. పూలున్న చోటును ఈగలు ఒళ్లు ఊపుతూ చేసే నాట్యంతో చెప్పుకుంటాయని తేల్చినవాడు ఫ్రిష్. 1973లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఆయనొకరు. లిండావర్ ఒక పొదకు వేలాడే గుంపును చూస్తుంటే, దాని పైపొర మీద కొన్ని ఈగలు అదే నాట్యం చేస్తున్నాయి. కానీ వాటి కాళ్లకు పుప్పొడి లేదు. ఒంటి నిండా మురికి. ఒకటి మసితో నల్లగా ఉంది. ఒకటి ఇటుక పొడితో ఎర్రగా ఉంది. ఇంకొకటి పిండి పూసుకుని తెల్లగా ఉంది. బాంబు దాడుల్లో కూలిన మ్యూనిక్ అది. పొగగొట్టాల్లో, గోడల పగుళ్లలో దూరి వచ్చిన ఈగలు పూల గురించి నాట్యమెందుకు చేస్తాయి? ఇవి ఇళ్లు వెతికి వచ్చిన వేగు ఈగలని ఆయనకు తట్టింది.

ఆ తర్వాతి వేసవుల్లో లిండావర్ ఈగలకు రంగు చుక్కలు పెట్టి, నాట్యాలన్నీ రాసుకున్నాడు. మొదట పదీ పన్నెండు దిక్కులకు నాట్యాలు జరిగేవి. గంటలు గడిచేకొద్దీ కొన్ని దిక్కులు రాలిపోయి, చివరకు ఒకే దిక్కు మిగిలేది. ఆ దిక్కూ దూరమూ లెక్కగట్టి, గుంపు రాకముందే ఆ చోటుకు వెళ్లి నిలబడగలిగాడు.

వేగు ఈగ చేసే పనిని కాస్త దగ్గరనుంచి చూడాలి. గుంపులో నూటికి మూడో నాలుగో మాత్రమే ఈ పనికి దిగుతాయి, అన్నీ అనుభవం పండిన ముసలి ఈగలు. తొర్ర దొరికితే లోపలికి వెళ్లి గోడల వెంట నడుస్తుంది, కాసేపు ఎగురుతుంది, బయటికొచ్చి చుట్టూ తిరుగుతుంది, మళ్లీ దూరుతుంది. అలా అరగంట పైగా గడుపుతుంది. లోపల ఎంత జాగా ఉందో కొలుస్తోందన్నమాట. చీకట్లో ఎలా? అమెరికాలో థామస్ సీలీ 1970ల్లో దీనికొక పరీక్ష కట్టాడు. గుండ్రటి గోడ ఉన్న పెట్టెను తయారుచేసి, ఈగ లోపల నడుస్తుంటే గోడను తిప్పాడు. చుట్టు తిరిగి రావడానికి ఎక్కువ నడవాల్సి వచ్చిన ఈగకు అదే పెట్టె పెద్దదిగా తోచింది, తక్కువ నడిచినదానికి చిన్నదిగా తోచింది. నడక కూడా దానికి కొలబద్దే. ఐరోపా ఈగకు సుమారు 40 లీటర్ల జాగా, చిన్న ద్వారం, నేలకు ఎత్తుగా ఉంటే నచ్చుతుంది. మన పుట్ట తేనెటీగ అంతకంటే చిన్న తొర్రతోనే సరిపెట్టుకుంటుంది.

పెళ్లి సంబంధాలు చూడబోయిన పెద్దలు తలా ఒక సంబంధమే చూసి, ఇంటికొచ్చి దాని గురించే చెప్పినట్టు, చాలా వేగు ఈగలు చూసేది ఒక్క ఇంటినే. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చే ఈగలు అరుదు. మరి మంచిది ఎలా నెగ్గుతుంది? గెలిచిన ఇంటిని చూసొచ్చి మిగతావి మనసు మార్చుకుంటాయని లిండావర్ అనుకున్నాడు. అక్కడ ఆయన లెక్క తప్పింది. సీలీ, కర్క్ విషర్ కలిసి చూస్తే తేలిందేమంటే, ప్రతి వేగు ఈగ ఉత్సాహమూ దానంతటదే తరుగుతుంది. గొప్ప ఇల్లు చూసింది మొదటిసారి సుమారు 90 చుట్లు నాట్యం చేస్తే, ఓ మోస్తరు ఇల్లు చూసింది 30 చుట్లు చేస్తుంది. ఇల్లు మళ్లీ చూసొచ్చిన ప్రతిసారీ రెండూ దాదాపు 15 చుట్లు తగ్గిస్తాయి. లెక్కేయండి. మొదటిది 90, 75, 60, 45, 30, 15 చొప్పున మొత్తం 315 చుట్లు. రెండోది 30, 15తో మొత్తం 45. మొదట మూడింతలున్న తేడా చివరకు ఏడింతలైంది. ఏ ఈగా ఏ ఈగతోనూ వాదించలేదు, మొండికేసి తన మాటే పట్టుకుని కూర్చోనూ లేదు. మంచి ఇంటికి ఎక్కువ చుట్లు, ఎక్కువ చుట్లకు ఎక్కువ కొత్త ఈగలు, ఆ కొత్త ఈగలు స్వయంగా ఇల్లు చూసొచ్చాకే నాట్యం. విన్నమాట నమ్మి నాట్యం చేసే ఈగ ఉండదు.

ఇంత బాగున్నా ఒక చిక్కు ఉంది. సరిసమానమైన ఇళ్లు రెండు దొరికితే? గుంపు రెండుగా చీలితే రాణి లేని సగం చచ్చినట్టే. ఒక గుంపు గాలిలోకి లేచాక కూడా రెండు దిక్కులకు లాగడం లిండావర్ కళ్లారా చూశాడు. ఇలాంటి పీటముడి సామాన్యంగా ఎందుకు పడదు?

దీనికి జవాబు ఒక చిన్న డీ. తేనెటీగల్లో ఒకటి ఇంకొకదాన్ని తలతో పొడిచి, సెకనులో చిన్న వంతు పాటు కీచుమనడం చాలామంది విన్నారు. తిండి అడుక్కునే కూత అని రాసేశారు కూడా. 1993లో జేమ్స్ నీ అనే పరిశోధకుడు ఆ కూత విన్న ఈగ నాట్యం మానేస్తోందని గమనించి, దానికి సరైన అర్థం చెప్పాడు: ఆగు. ఇళ్ల ఎంపికలో ఈ కూత పనేమిటో చూడటానికి సీలీ, విషర్, సహచరులు గుంపులను అమెరికాలోని మెయిన్ రాష్ట్ర తీరానికి దూరంగా ఉన్న ఏపుల్‌డోర్ దీవికి పట్టుకెళ్లారు. పెద్ద చెట్లు లేని దీవి అది. ఈగలకు తొర్రలు దొరకవు, మనిషి పెట్టిన పెట్టెలే దిక్కు. ఒకేలాంటి పెట్టెలు రెండు పెట్టి, ఒకదానికి వచ్చిన ఈగలకు పసుపు రంగు, రెండోదానికి వచ్చినవాటికి గులాబి రంగు వేశారు. గుంపు మీద మైకు పెట్టి విన్నారు. పసుపు ఈగ నాట్యం చేస్తుంటే వచ్చి డీకొట్టేవి ఎక్కువగా గులాబి ఈగలు. గులాబి ఈగను పొడిచేవి పసుపువి. డీలు ఎక్కువ తిన్న నాట్యం త్వరగా ఆగింది. 2012లో సైన్స్ పత్రికలో ఇది అచ్చయింది. గణితంతో చూస్తే, ఈ పరస్పర అడ్డగింత లేకపోతే సమానమైన రెండు పక్షాలూ అలాగే నిలిచిపోతాయి. ఉంటే, ఏ కాస్త మొగ్గు వచ్చినా అది పెరిగి ఒక పక్షం గెలుస్తుంది. మన మెదడులో నాడీకణాల గుంపులు ఒక నిర్ణయానికి వచ్చే తీరుకు శాస్త్రవేత్తలు రాసుకున్న నమూనా కూడా ఇదే! ఆలోచించే మెదడు ఒకటి చెట్టు కొమ్మకు బయటే వేలాడుతోంది, దాని కణాలకు రెక్కలున్నాయి.

నాట్యాలన్నీ ఒక్కటయ్యాకే గుంపు లేస్తుందనుకోవడం మరో పొరపాటు. నిర్ణయం ఖాయమయ్యేది కొమ్మ మీద కాదు, కొత్త ఇంటి గుమ్మం దగ్గర. అక్కడ ఒకే సమయంలో ఇరవై ముప్పై వేగు ఈగలు పోగయితే చాలు. అవి తిరిగొచ్చి గుంపులో దూరి సన్నగా ఊదుతాయి. అది విన్న ఈగలు ఎగరకుండానే రెక్కల కండరాలు ఆడించి ఒళ్లు 35 డిగ్రీలకు వేడెక్కించుకుంటాయి. అన్నీ వేడెక్కాక, నిమిషంలో కొమ్మ ఖాళీ. దారి తెలిసిన కొద్ది ఈగలు గుంపు పైభాగంలో బాణాల్లా దూసుకుపోతూ దిక్కు చూపిస్తాయి, మిగతావి వాటి వెంట పోతాయి. రాణి ఆ మందలో ఎక్కడో ఉంటుంది.

ఈ ప్రయోగాలు ఐరోపా ఈగ మీద జరిగినవే అయినా సరంజామా మన ఈగ దగ్గరా ఉంది. లిండావర్ 1950ల మధ్యలో సింహళం వచ్చి ఆసియా ఈగల నాట్యాలు పరిశీలించాడు. దక్షిణ భారతంలో బెంగళూరు శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన 2020లో వెలువడింది. దగ్గరలోనే మేత వెతికే పుట్ట తేనెటీగ అదే దూరానికి కొండ తేనెటీగ కంటే ఎక్కువసేపు ఒళ్లు ఊపుతుందని అందులో తేలింది. ఆగు కూత కూడా దీనికుంది. కందిరీగ ప్రమాదం ఉన్నప్పుడు వాడుతుందని చైనాలో చూపించారు.

పెట్టెలు పెంచేవాళ్లకు ఇందులో పనికొచ్చేది కొద్దిగా చెప్పుకోవాలి. పూత కాలంలో వారానికోసారి చట్రాలు పైకి లేపి అడుగు అంచులు చూడండి. రాణి గదులు కోసేస్తే గుంపు లేవడం ఆలస్యమవుతుంది, ఆగదు. ఖాళీ చట్రం ఇవ్వడం, లేదా పిల్లలున్న చట్రాలు మూడు, ఒక మంచి రాణి గదితో వేరే పెట్టెలోకి మార్చి మీరే తుట్టెను రెండు చేయడం మేలు. లేచి కొమ్మకు చేరిన గుంపును సాయంత్రం వేళ కింద పెట్టె పెట్టి ఒక్క కుదుపుతో దింపుకోవచ్చు. వేరే పెట్టెలోంచి పిల్లలున్న చట్రం ఒకటి ఇస్తే వదిలిపోయే భయం తగ్గుతుంది. 2020లో కేంద్రం తేనెటీగల పెంపకానికి రూ.500 కోట్ల మిషన్ ప్రకటించింది. పెట్టెలు పంచినంత శ్రద్ధగా ఈ నాలుగు సంగతులూ నేర్పకపోతే, పంచిన పెట్టెలు రెండో ఏటికి చెదలు తినే చెక్కలే. 1990ల మొదట్లో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు దక్షిణాదిలో పుట్ట తేనెటీగలను ఊడ్చేసింది. ఆ దెబ్బ తిని మిగిలిన వంశాలే ఇప్పుడు మన తోటల్లో తిరుగుతున్నవి.

కాబట్టి మాకవరపాలెం రైతులకు ఒక మనవి. కొమ్మకు వేలాడే గుంపుకు కాపాడుకోవడానికి ఇల్లు లేదు, పిల్లలు లేరు, కడుపు నిండా తేనె ఉంది. కదిలించకపోతే కుట్టడం అరుదు. పెద్ద పట్టు పెట్టిన కొండ తేనెటీగ సంగతి వేరు, దాని జోలికి పోవద్దు. మంట పెట్టకండి, కిరసనాయిలు కొట్టకండి. దగ్గరలో పెట్టెలున్నవారికి కబురు పెట్టండి, లేదా ఒక్కరోజు ఆ చెట్టు కిందికి పోకుండా ఉండండి. జీడికి పట్టే టీ దోమకు మందు కొట్టాల్సి వస్తే ఈగలు తిరగని సాయంత్రం పూట కొట్టండి. జీడి పుప్పొడి జిగటది, గాలికి పెద్దగా ఎగరదు. పువ్వు పిక్క కావాలంటే దాన్ని మోసే పురుగు ఉండాలి.