గూట్లో తడి లెక్క: ఖరగ్‌పూర్ పెరటి కోళ్లకు ఏ నేల, ఏ పరుపు?

ఖరగ్‌పూర్‌లో ఏడాదికి దాదాపు 1500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యే. రైల్వే పనుల కోసం తాతల కాలంలో వచ్చి ఇక్కడే స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో ఎవరైనా పెరట్లో పది కోళ్లు పెంచుదామనుకుంటే, జాతి గురించీ దాణా గురించీ ఆలోచించేముందు గూట్లో తడి గురించి ఆలోచించాలి. నేల అయినా, పరుపు అయినా ఆ తడిని అదుపు చేయడానికే.

పది కోళ్ల లెక్క

పెద్ద కోడికి 2 చదరపు అడుగుల చోటు కావాలి. పదింటికి 20, అంటే 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల పొడవున్న గూడు. ఒక్కో కోడి రోజుకు సుమారు 100 గ్రాముల రెట్ట వేస్తుంది. అందులో 75 శాతం దాకా నీరే. పది కోళ్ల రెట్టతో రోజుకు ముప్పావు లీటరు, ఏడాదికి సుమారు 270 లీటర్ల నీరు నేలకు చేరుతుంది. అంతే వైశాల్యమున్న కప్పు మీద ఏడాదిలో పడే వాన దాదాపు 2,800 లీటర్లు, అంటే పదింతలు. ఆ పదింతల నీటిని లోపలికి రానివ్వకపోవడం కప్పు, నేలల పని. రెట్ట తడిని ఆరబెట్టడం పరుపు పని.

నేల

చుట్టుపక్కల నేలకన్నా అడుగు, అడుగున్నర ఎత్తు లేపాలి. ఈ ఊరి ఎర్ర మొరం పోసి, దిమ్మిసతో గట్టిగా కొట్టి, పైన సిమెంటు పూత వేస్తే చాలు. వట్టి మట్టి నేలైతే పందికొక్కులు కిందినుంచి తవ్వుకొస్తాయి. కప్పు అంచు గోడ దాటి కనీసం 2 అడుగులు ముందుకు రావాలి. గోడ కింద ఒక అడుగు మూసి, పైన జాలీ వేస్తే గాలి ఆడుతుంది.

రైల్వే ఊరు కనుక ఒక హెచ్చరిక. పాత చెక్క స్లీపర్లు ఎక్కడైనా చవగ్గా దొరికితే గూటికి వాడకండి. పుచ్చకుండా వాటికి పట్టించిన క్రియోసోట్ విషపదార్థం.

పరుపు

మన చుట్టూ వరి పండుతుంది కాబట్టి ఊకే మొదటి ఎంపిక. 100 కిలోల ధాన్యం ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక వస్తుంది. మిల్లు దగ్గర బెంగాలీలో ‘తుష్’ అని అడగండి. ‘కుఁడో’ అంటే తవుడు ఇస్తారు. తవుడు తిండి పదార్థం. తడి తగిలితే బూజు పడుతుంది.

3 అంగుళాల మందాన పరచడానికి పది కోళ్ల గూటికి 15 కిలోల ఊక సరిపోతుంది. తర్వాత కొంచెం కొంచెంగా వేస్తూ 6 అంగుళాలకు పెంచుకోవచ్చు. రంపపు పొట్టు తడిని బాగా పీలుస్తుంది కానీ దుమ్ము ఎక్కువ. వరిగడ్డిని ముక్కలు చేయకుండా వేస్తే అట్టకట్టి బూజు పడుతుంది. పాత పేపర్లు జారుతాయి, వాటి మీద కోడిపిల్లల కాళ్లు పక్కలకు విడిపోయి అవిటివవుతాయి.

పిడికిలి పరీక్ష

పరుపులో తేమ 20 నుంచి 30 శాతం మధ్య ఉండాలి. కొలవడానికి చెయ్యి చాలు. గుప్పెడు తీసి గట్టిగా పిండి, వేళ్లు విప్పండి. ముద్దగా నిలిస్తే తడి ఎక్కువ. మెల్లగా విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. దుమ్ములా రాలితే మరీ పొడి. నీళ్ల గిన్నె కిందే ముందు చూడండి, అక్కడే అట్టకడుతుంది. ఆ అట్ట తీసేసి కొత్త ఊక వేయండి. మిగతాది రోజూ కలియతిప్పండి.

వానాకాలంలో ఈ పని మానకూడదు. రక్తపు విరేచనాలు కలిగించే కాక్సిడియా గుడ్లు వెచ్చని తడి పరుపులో ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించే స్థితికి వస్తాయి. తడి రెట్టనుంచి అమ్మోనియా కూడా లేస్తుంది. అది గాలిలో పది లక్షల వంతుల్లో 25 దాటితే కోళ్ల కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కోడి ముక్కు నేలకు జానెడు ఎత్తులోనే ఉంటుంది కాబట్టి మీరూ గొంతుక్కూర్చుని వాసన చూడండి. కళ్లు మండితే ఆ రోజే పరుపు మార్చండి.

కోడిపిల్లలు కొనే ముందు రోజే 15 కిలోల ఊక తెచ్చి ఎండబెట్టి, గూట్లో పరిచి ఉంచండి. పిల్లలు వచ్చాక వెతుక్కుంటూ వెళ్లే పని పెట్టుకోవద్దు.